మంచం పక్కన పాఠాలు – 4: పక్క తిప్పడం

పోయిన పాఠంలో మంచం మీదే ఒళ్ళు తుడవడం చూశాం. ఈసారి తనంతట తాను కదల్లేని మనిషిని పక్కకి తిప్పడం నేర్చుకుందాం. వార్డులో కొత్తగా చేరిన సిస్టర్లకి ఎంత అవసరమో, ఇంట్లో పక్షవాతం వచ్చిన తల్లినో మామగారినో చూసుకునేవాళ్ళకీ ఇది అంతే అవసరం.

నిద్రలో ఒక పక్క నొప్పెడితే మనకి తెలియకుండానే ఒత్తిగిలిపోతాం. ఆ పని చేసుకోలేని మనిషికి ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలుగుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి రక్తం అందదు. కొన్ని గంటలు అలాగే ఉంటే పుండు మొదలవుతుంది. దాన్నే బెడ్‌సోర్ అంటాం. వెల్లకిలా పడుకున్నవాళ్ళకి నడుము కింద తోక ఎముక దగ్గర, మడమల దగ్గర ఎక్కువగా వస్తుంది. తల వెనక, మోచేతులు, రెక్క ఎముకలు కూడా చూడాలి. పక్కకి పడుకున్నవాళ్ళకి తుంటి, చీలమండ, చెవి. చెవిని చాలామంది మర్చిపోతారు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడ మంచం మీద కిందికి జారిపోయింది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి. సాయానికి ఎవరినీ పిలవకుండా, చంకల కింద చేతులు వేసి పైకి లాగేశాను. దుప్పటి కదల్లేదు, ఒళ్ళు మాత్రం దాని మీద రాసుకుంటూ వచ్చింది. పొద్దున్న చూస్తే తోక ఎముక మీద రూపాయి బిళ్ళంత తోలు లేచిపోయి ఉంది. మానడానికి వారాలు పట్టింది. లాగడం ఒక తప్పయితే, లాగుతున్నానని ఆవిడకి ఒక్క మాటైనా చెప్పకపోవడం ఇంకో తప్పు. నా చేతులు పడగానే ఆవిడ కళ్ళు ఎంత బెదిరాయో ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ పాఠంలో మొదటి మెట్టు చెయ్యి కాదు, మాట.

ఒడిశాలోని మా రాయగడ వార్డుల్లో ఒక మంచం మీద తెలుగావిడ ఉంటే, పక్క మంచం మీద ఒడియా ఆవిడ ఉంటుంది. ఆ పక్కన గుణుపురం వైపు నుంచి వచ్చిన సవర ముసలాయనో, బిస్సం కటక్ వైపు కొండల్నుంచి వచ్చిన కోందు ఆవిడో. తెలుగులో "అమ్మా, ఎడమ పక్కకి తిప్పుతున్నాను, భయపడకండి" అంటే చాలు. ఒడియా వాళ్ళకి "మాఉసీ, కొడొ లెఉటేఇబి" అనండి. పక్కకి తిప్పుతాను అని. తిప్పాక "కష్టొ హెఉఛి కి?" అని అడగండి. ఇబ్బందిగా ఉందా అని. రెండు భాషలూ రానివాళ్ళయితే బంధువుని పిలిచి చెప్పించండి. ఎవరూ లేకపోతే ముందు మీ భుజం తట్టుకుని, ఏ వైపు తిప్పబోతున్నారో చేత్తో చూపించి, వాళ్ళు తలూపేదాకా ఆగండి. స్పృహ లేని మనిషికి కూడా చెప్పే తిప్పండి. వినబడుతూ ఉండవచ్చు.

ఇక పని. కుడి పక్కకి తిప్పాలనుకుందాం. మంచం తలవైపు దించేయండి. సెలైన్ ట్యూబు, యూరిన్ ట్యూబు ఎటు ఉన్నాయో చూసి వదులు చేసుకోండి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి. ముందు మనిషిని కొంచెం ఎడమ అంచు వైపు జరపాలి, లేకపోతే తిరిగాక కుడి అంచు మీదికి వచ్చేస్తారు. దీనికి ఇద్దరు కావాలి. నడుము కింద వేసిన అడ్డ దుప్పటిని చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి, లాగకండి. ఇంట్లో అయితే నాలుగు మడతలు పెట్టిన పాత నూలు చీర చాలు.

తర్వాత ఒకరు కుడివైపు నిలబడాలి. రోగి కుడి చెయ్యి ఒంటికి దూరంగా పెట్టండి, ఎడమ చెయ్యి ఛాతీ మీద వేయండి, ఎడమ మోకాలు వంచండి. ఒక చెయ్యి ఎడమ భుజం వెనక, ఇంకోటి ఎడమ తుంటి వెనక వేసి మీ వైపు నెమ్మదిగా తిప్పుకోండి. మీ నడుము వంచకుండా మోకాళ్ళు వంచండి. ఎదురుగా మనిషి కనిపిస్తూ ఉంటే పడిపోతామన్న టెన్షన్ రోగికి తగ్గుతుంది.

పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకూడదు. వీపు వెనక తలగడ పెట్టి, సుమారు 30 డిగ్రీల వాలులో ఆపండి. మోకాళ్ళ మధ్య ఒక తలగడ. కింద పడ్డ భుజాన్ని కొంచెం ముందుకి తీయండి. వెల్లకిలా ఉన్నప్పుడు పిక్కల కింద తలగడ పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. వెన్నెముక దెబ్బ, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళని మాత్రం డాక్టరు చెప్పిన పద్ధతిలోనే తిప్పాలి.

రెండు గంటలకోసారి తిప్పడం మామూలు లెక్క. ఆరింటికి కుడి, ఎనిమిదింటికి వెల్లకిలా, పదింటికి ఎడమ అని కాగితం రాసి తలవైపు అంటించండి. ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేయడానికి వార్డుల్లో 1987లో వచ్చిన బ్రేడెన్ స్కేల్ వాడతారు. ఆరు అంశాలకి కలిపి 23 మార్కులు. 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ముప్పు ఉన్నట్టే.

తిప్పిన ప్రతిసారీ చర్మం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. కానీ ఇది పుస్తకాల్లో తెల్ల చర్మానికి రాసిన గుర్తు. మన నల్లటి, చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు. అరచేతి వెనక భాగం ఆనించి, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా అని చూడాలి. అలాంటి చోట నూనె పెట్టి మర్దనా చేయకండి. ప్రేమకొద్దీ చాలా ఇళ్ళలో చేస్తారు, దానితో లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా వద్దు, అది అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. గాలి పరుపు ఉన్నా తిప్పడం మానకూడదు.

ఈ వారం సాధన: గట్టి మంచం మీద అరగంట కదలకుండా వెల్లకిలా పడుకోండి. మొదట ఎక్కడ నొప్పెట్టిందో, ఎన్ని నిమిషాలకో రాసుకోండి. తర్వాత ఇంట్లో ఎవరిచేతనైనా, ముందు చెప్పకుండా ఒకసారి, చెప్పి ఒకసారి తిప్పించుకోండి. వచ్చే పాఠంలో మింగలేని మనిషికి నోరు శుభ్రం చేయడం.