మన ఆసుపత్రి ప్రైవేటుకు పోతోందా? కాగితాల్లో చూసుకోవడం ఇలా

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఇవ్వాలని నిర్ణయించింది. వాటిలో మన అమలాపురం, పాలకొల్లు కూడా ఉండటంతో అప్పట్నుంచి డెల్టాలో ఏ టీకొట్టు దగ్గర చూసినా ఇదే గొడవ. అమ్మేశారని ఒకరు, స్థలం ప్రభుత్వానిదేగా అమ్మడమేంటని ఇంకొకరు. కాగితం చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ముందు బడ్జెట్ చూడండి. మంత్రిగారి ప్రసంగం పక్కన పెట్టేయండి, అందులో పద్యాలు బాగుంటాయి గానీ మనకి పనికొచ్చేది తక్కువ. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో 'డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్' పేరుతో శాఖలవారీగా పుస్తకాలుంటాయి, అవి డౌన్‌లోడ్ చేసుకోండి. వైద్యానికి రోజువారీ ఖర్చు పద్దు 2210, భవనాల్లాంటి వాటికి 4210. ఒక్కో పద్దు ఎదురుగా రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, ఈ ఏటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా వరసగా ఉంటాయి. అంచనా ఘనంగా ఉండి సవరించినదాంట్లో బాగా పడిపోయిందంటే, సభలో చప్పట్లు కొట్టిన డబ్బు కిందిదాకా రాలేదన్నమాట.

ఆ పద్దు లోపల జీతాల వరస, కాంట్రాక్టు సేవల వరస విడివిడిగా ఉంటాయి. జీతాలు కదలకుండా కాంట్రాక్టు వరస ఏటేటా పెరుగుతుంటే, ఎవరూ ప్రకటించకుండానే పని బయటివాళ్ల చేతికి వెళ్తోందని అనుమానించాలి. అయితే ఒక్క ఏడాది చూసి తేల్చేయకండి, పీఆర్సీ (ఉద్యోగుల వేతన సవరణ) వస్తే జీతాల అంకె ఒక్కసారిగా పెరుగుతుంది.

అసలు సంగతి ఒప్పందంలో ఉంటుంది, అది బడ్జెట్ పుస్తకంలో దొరకదు. 108 అంబులెన్సులు మొదట్నుంచీ బయటి సంస్థలే నడుపుతున్నాయి, డబ్బు ప్రభుత్వం ఇస్తోంది, మనం బిల్లు కట్టకుండానే ఎక్కుతున్నాం. కాబట్టి నా లెక్కలో ప్రైవేటు అన్న మాట కంటే షరతులు ముఖ్యం: లీజు ఎన్నేళ్లు, ఉచితంగా ఎన్ని పడకలు, ఛార్జీలు ఎవరు పెంచుతారు, ప్రభుత్వం ఏటా ఎంత కట్టాలి, మధ్యలో రద్దయితే పరిహారం ఎవరికి.

దీనికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. "ఎందుకు ప్రైవేటుకిచ్చారు" అని రాస్తే మాత్రం జవాబు రాదు, ఆ చట్టంలో కాగితాలే అడగాలి: ఒప్పందం నకలు, టెండరు పత్రాలు, ఆర్థిక శాఖ అభిప్రాయం ఉన్న నోట్ ఫైలు. ఏ ఆఫీసుకు పంపాలో తెలియకపోయినా ఫర్లేదు, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

వ్యాపార రహస్యం, సెక్షన్ 8(1)(డి) అంటూ తిప్పికొట్టొచ్చు. భయపడకండి. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది, రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది. ఈ రెండూ అప్పీలులో రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, మరో 30 రోజుల్లోపు అదే శాఖలో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. స్పీడ్ పోస్టు రశీదు మాత్రం పారేయకండి, గడువు లెక్కకు అదే ఆధారం.