ఎస్‌డీపీ గేట్‌వే ఉలకదు, పలకదు: ముందు టైమ్ జోన్ చూడండి

ఎస్‌డీపీ (సాఫ్ట్‌వేర్-డిఫైన్డ్ పెరిమీటర్) అంటే ఆఫీసు సర్వర్లను బయటివారికి కనిపించకుండా దాచే పద్ధతి. గేట్‌వే దాని తలుపు, క్లయింటు మీ కంప్యూటర్లో ఉండే దాని ప్రోగ్రాము.

సమస్య: క్లయింటులో కనెక్ట్ నొక్కితే చక్రం కాసేపు తిరిగి ఆగిపోతుంది. పాస్‌వర్డ్ తప్పనో, అనుమతి లేదనో ఒక్క ముక్క కూడా కనిపించదు. అదే కంప్యూటర్లో యూట్యూబ్ మాత్రం హాయిగా ఆడుతుంది.

ఈ దశలో విజయవాడ నుంచైనా గుంటూరు నుంచైనా నాకు వచ్చే ఫోను ఒకటే: "పింగ్ కొట్టామండీ, జవాబు లేదు, మీ సర్వరు పడిపోయింది." పింగ్‌కు (సర్వరు పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపుకు) జవాబు రాకపోవడం ఇక్కడ లోపం కాదు. క్లౌడ్ సెక్యూరిటీ అలయన్స్ 2014లో విడుదల చేసిన మొదటి ఎస్‌డీపీ నిర్దేశాల నుంచీ పద్ధతి ఇదే: తనెవరో రుజువు చేసుకోని వారికి గేట్‌వే అసలు కనిపించకూడదు. క్లయింటు ముందుగా ఒకే ఒక్క రహస్య ప్యాకెట్ పంపుతుంది. అది సరైనదైతేనే ఆ ఒక్క ఐపీ చిరునామాకు తలుపు కాసేపు తెరుచుకుంటుంది, కాకపోతే గేట్‌వే దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది.

కారణం: ఎవరో పాత ప్యాకెట్‌ను పట్టుకుని మళ్లీ పంపకుండా ఉండేందుకు అందులో పంపిన సమయం కూడా ఉంటుంది. ఇలాంటి ప్యాకెట్లు పంపి, సరిచూసే ఎఫ్‌డబ్ల్యూనాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో మీరేమీ మార్చకపోతే 120 సెకన్ల తేడా వరకే చెల్లుతుంది. "గడియారం చూశారా?" అని అడిగితే అందరూ చూశామనే అంటారు, ఒకప్పుడు నేనూ అన్నాను.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఈ పొరపాటుతోనే రెండు రోజులు పోగొట్టుకున్నాను. ప్యాకెట్ రహస్య తాళంచెవులు (కీలు) రెండుసార్లు మార్చాను, క్లయింటు తీసేసి మళ్లీ వేశాను. గేట్‌వే మీద టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను చూపే సాధనం) పెట్టి చూస్తే ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి. గోడ మీద 11:10, తెర మీదా 11:10. చివరికి సెట్టింగ్స్ తెరిస్తే టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉంది. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసినవారు జోన్ అలాగే వదిలేసి, అంకెలు మాత్రం చేత్తో దిద్దారు. ప్యాకెట్‌లోకి వెళ్లేది తెర మీది సమయం కాదు, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం). మే నెల కావడంతో అది అసలు సమయానికి పన్నెండున్నర గంటలు ముందుకు పోయింది. కంప్యూటర్ ఆపినప్పుడూ గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ చచ్చి తేదీ ఏళ్ల వెనక్కి పోతే బ్రౌజరే గోల చేస్తుంది. ఈ పూట తేడాకు అది కిమ్మనలేదు.

పరిష్కారం: టైమ్ జోన్‌ను యూటీసీ+05:30కి మార్చి, సమయాన్ని ఆటోమేటిక్‌లో పెట్టి, "సింక్ నౌ" నొక్కండి. సింక్ కాకపోతే ఆఫీసు ఫైర్‌వాల్‌లో సమయం సరిచూసుకునే యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూడండి. క్రమం తప్పకూడదు: జోన్ మార్చకుండా అంకెలు దిద్దితే మొదటికే వస్తారు.

గేట్‌వేకు ప్యాకెట్ అసలు చేరకపోతే దారిలో ఎవరో యూడీపీని (ఆ ప్యాకెట్ వెళ్లే పద్ధతిని) ఆపుతున్నట్టే. నెట్ ఇచ్చేవారిని అడగండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద ప్యాకెట్ ఒక ఐపీ నుంచి, తర్వాతి కనెక్షన్ మరో ఐపీ నుంచి వెళ్లడమూ ఉంటుంది గానీ నాకు అరుదుగానే తగిలింది. ఆఫీసు లైను మీద ఒకసారి ప్రయత్నిస్తే తేలిపోతుంది.