యోధజాతికి దేవుళ్లను కల్పించడం ఎలా: గ్రహాంతర కథలు రాసేవారి కోసం

వేరే గ్రహానికి చెందిన యుద్ధప్రియ జాతిని కథలోకి తేవాలనుకున్నప్పుడు మనలో చాలామంది మొదట చేసే పని ఆ జాతికి ఒక యుద్ధదేవతను కల్పించడం. ఎర్రని కళ్లు, నాలుగు చేతులు, నాలుగింటా ఆయుధాలు, ఎదురుగా నెత్తురు ఎండిన బలిపీఠం సిద్ధమైపోతాయి. నా తొలి గ్రహాంతర కథలోనూ అలాంటి దేవుడే ఉండేవాడు. ఆ దేవుణ్ణి కథలోంచి పూర్తిగా తీసేసినా మిగతా పేజీల్లో ఒక్క వాక్యం కూడా మార్చే పని లేదని ఒక స్నేహితురాలు చూపించినప్పుడు, నేను దేవుణ్ణి కాక ఒక బొమ్మను నిలబెట్టానని అర్థమైంది. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒక్కటే: దేవుడి దగ్గర మొదలుపెట్టకుండా చావు దగ్గర మొదలుపెట్టడం. పోరాటమే బతుకైన జాతిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. అలా పోయినవారికి బతికున్నవారు ఏం బాకీ పడ్డారు అన్న ప్రశ్నకు ఆ జాతి చెప్పుకున్న జవాబులోంచే దాని దేవుళ్లు, పండుగలు, తిట్లు, శిక్షలు అన్నీ పుడతాయి.

ఈ పద్ధతి ఎంత బలమైనదో తెలుసుకోవడానికి స్టార్ ట్రెక్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ టీవీ, సినిమా కథల్లోని క్లింగాన్లు అనే యోధజాతిని శ్రద్ధగా గమనించడం మంచిది. 1967లో వారు తొలిసారి టీవీలో కనిపించినప్పుడు వారికి చెప్పుకోదగ్గ మతం గాని, ఆచారం గాని లేవు. కథానాయకులకు ఎదురు నిలిచే శత్రువులు మాత్రమే. ఇప్పుడు అందరికీ గుర్తుండే ఆ నుదుటి గట్లు కూడా 1979 నాటి సినిమాలో వచ్చినవే. వారికి నిజంగా ప్రాణం పోసిన ఘట్టాల్లో ఒకటి 1988లో ప్రసారమైన ఒక భాగంలోని మరణ సంస్కారం అని నా అభిప్రాయం. అందులో చనిపోతున్న యోధుడి పక్కన తోటివారు మోకరిల్లి, అతని కనురెప్పలను వేళ్లతో విప్పి పట్టుకుని, ఆ కళ్లలోకి సూటిగా చూస్తారు. ప్రాణం పోయిందని తెలిసిన మరుక్షణం తలలు పైకెత్తి గొంతు చించుకుని గర్జిస్తారు. ఒక క్లింగాన్ యోధుడు వస్తున్నాడు, జాగ్రత్త అని అవతలి లోకంలో ఉన్న మృతులకు చేసే హెచ్చరిక అది. ఆ తరువాత ఆ దేహం వారికి ఒట్టి డొల్ల. దాన్ని ఎలా పారవేసినా వారికి పట్టింపు లేదు.

ఒక నిమిషం కూడా పట్టని ఆ దృశ్యంలో ఎంత సంస్కృతి ఇమిడి ఉందో చూడండి. చావు తరువాత ఒక లోకం ఉందని, అక్కడివారు కూడా జాగ్రత్త పడవలసినంతగా యోధుడు యోధుడిగానే మిగులుతాడని, సమాధులకు, అస్థికలకు వారి జీవితంలో చోటు లేదని, చనిపోయేవాడి కళ్లలోకి చూడగలగడమే స్నేహానికి చివరి పరీక్ష అని ఏ పాత్రా నోరు విప్పి వివరించకుండానే మనకు తెలిసిపోతుంది. గౌరవంగా పోయినవారు చేరే స్టోవోకోర్, పరువు పోగొట్టుకున్నవారు చేరే గ్రెథోర్, అక్కడికి ఆత్మలను మోసుకుపోయే పడవ అనే కల్పనలన్నీ ఈ పునాది మీద సహజంగా నిలబడ్డాయి. మీరు కూడా మీ జాతి గురించి రాయబోయే మొదటి పేజీలో ఒక శవాన్ని పెట్టండి. దాన్ని ఎవరు తాకవచ్చు, ఎవరు తాకకూడదు, ఎవరు ఏడవవచ్చు, ఎంతసేపు ఏడవవచ్చు, శత్రువు శవమైతే ఏం చేస్తారు అన్నవాటికి జవాబులు రాసుకోండి. విశ్వసృష్టి కథ ఆ తరువాత రాసుకోవచ్చు.

ఇక దేవుళ్ల విషయంలో క్లింగాన్ల కల్పన నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం. వారికి దేవుళ్లు లేరు. ఒకప్పుడు ఉండేవారు, వారివల్ల మేలు కన్నా చికాకే ఎక్కువని పూర్వపు యోధులే వారిని చంపేశారు. ఈ సంగతి ఎక్కడ పలుకుతారో అదే అసలు మెళకువ. పెళ్లి మంత్రంగా చెప్పే కథలో తొలి క్లింగాన్ హృదయం ఒంటరిదై బలహీనపడుతుంది, దానికి తోడుగా రెండో హృదయం పుడుతుంది, ఆ రెండూ కలిసి కొట్టుకోవడం మొదలుపెట్టాక తమను సృష్టించిన దేవుళ్లనే మట్టుబెడతాయి. అంటే దైవవధ వారికి దాంపత్యం ఎంత బలమైనదో చెప్పే మాట. మీరు ఏ పురాణం కల్పించినా అది ఏ సందర్భంలో, ఎవరి నోట, ఎవరికోసం పలుకుతారో తేల్చుకోండి; సందర్భం లేని పురాణాన్ని పాఠకుడు దాటేసి పోతాడు.

దేవుళ్లు లేని చోటును కాలెస్ అనే పూర్వ వీరుడు నింపుతాడు. తన తల వెంట్రుకల పాయను అగ్నిపర్వతపు లావాలో ముంచి, సరస్సు నీటిలో చల్లార్చి, మెలితిప్పి తొలి ఖడ్గాన్ని చేశాడని, దానితో మోలోర్ అనే నిరంకుశుణ్ణి చంపాడని, వెళ్లిపోతూ ఒక నక్షత్రాన్ని చూపించి తిరిగి వస్తానని మాట ఇచ్చాడని వారి కథ. 1993 నాటి ఒక భాగంలో మతగురువులే ఆ వీరుడి నెత్తురునుంచి అతని ప్రతిరూపాన్ని తయారుచేసి, వచ్చేశాడని ప్రకటిస్తారు. విషయం బయటపడ్డాక కూడా అతణ్ణి నామమాత్రపు చక్రవర్తిగా నిలుపుతారు. జనానికి కావలసింది అలా ఒకరు ఉండటమే. విశ్వాసం రాజకీయమయ్యే ఇలాంటి చోటు మీ కల్పనలో ఒకటైనా ఉండాలి.

వీరుణ్ణి దేవుడిగా కొలవడం మనకు కొత్త కాదు. పల్నాడులోని కారెంపూడిలో 12వ శతాబ్దపు యుద్ధంలో పడినవారికి గుడి ఉంది, ఏటా కార్తీకంలో అయిదు రోజుల ఉత్సవం జరుగుతుంది, ఆ వీరులను కొలిచే ఆచారం పాటించే వీరాచారవంతులు వారి ఆయుధాలుగా కొలిచే కొణతాలను అక్కడికి తెస్తారు. ఆ అయిదు రోజుల పేర్లు కల్పన చేసేవారు తప్పక గమనించాలి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఒక్క కత్తిపోరే కాక విఫలమైన రాయబారానికీ, తగవుకు నిప్పు పెట్టిన కోడిపందేనికీ కూడా ఒక్కో రోజు దక్కింది. కులభేదం లేకుండా ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడును కూడా ఆ ఉత్సవంలోనే తలచుకుంటారు. యుద్ధాన్ని గుర్తుపెట్టుకునే జాతి దాని కారణాలనూ, దాని మధ్య తిన్న అన్నాన్నీ మరచిపోదు. మీ గ్రహాంతరవాసుల పండుగల్లో విజయోత్సవం ఒక్కటే ఉంటే అది ఇంకా పూర్తికాలేదని తెలుసుకోండి.

ఇప్పుడు చేతితో చేసి చూద్దాం. నేను ప్రస్తుతం రాస్తున్న జాతి పేరు కెథరులు. వారి గ్రహానికి రెండు పెద్ద చందమామలు ఉండటంవల్ల ఆటు సమయంలో సముద్రం ఆమడ దూరం వెనక్కి పోతుంది, పోటు సమయంలో అంత దూరమూ దూసుకువస్తుంది. తిండి అంతా నీరు తీసిన బురదనేలలోనే దొరుకుతుంది గాని, ఎవరి నేల ఎంతవరకో చెప్పే గట్లూ సరిహద్దు రాళ్లూ ఒక్క పోటుకే కొట్టుకుపోతాయి. అందువల్ల నీరు తీసిన ప్రతిసారీ తగవు మళ్లీ మొదలవుతుంది. ఏ జాతీ క్రూరత్వం నెత్తురులో ఉండటంవల్లనే పోరాడదు; దేనికోసం పోరాడుతుందో మొదట తేల్చకపోతే దాని దేవుళ్లకు చేయడానికి పని ఉండదు. తెలుగులో పోటు అంటే సముద్రం పొంగడమూ, కత్తి దిగడమూ కూడా కనుక కెథరుల భాషలో ఆ రెండింటికీ ఒకే మాట ఉంటుందని నిర్ణయించుకున్నాను. ఆ ఒక్క మాట నాకు ఒక పురాణమంత పని చేసిపెట్టింది.

వారి చావు ఎలా ఉంటుంది? దూరాన నీటి హోరు వినిపించగానే ఇరువైపులవారూ ఆయుధాలు దించి తీరాలి. పడినవారిని పడినచోటే వదిలి ఒడ్డుకు పరుగెత్తాలి. సముద్రం వచ్చి అందరినీ, మనవారనీ పరవారనీ చూడకుండా, తీసుకుపోతుంది. కాబట్టి వారి దైవం యుద్ధాన్ని ఆపే నీరు. ఆ నీటిని తోడు పెట్టుకుని, నోట ఉప్పునీరు పట్టి చేసిన ప్రమాణాన్ని ఎవరూ తప్పరు. నీటి హోరు విన్నాక కూడా కత్తి దూసినవాడికి శిక్ష ఏమిటంటే, అతణ్ణి గుట్టమీద పొడినేలలో పాతి పైన రాయి నిలుపుతారు. మనకు గౌరవమైన సమాధిరాయి వారికి తరతరాల సిగ్గు. ఇక్కడినుంచి శాఖాభేదం కూడా దానంతట అదే వచ్చింది: గుట్టలమీద సేద్యం నేర్చుకున్న కొందరు తమ పెద్దలను తమ చేలోనే, రాళ్లు నిలిపి మరీ, పాతుకోవడం మొదలుపెట్టారు. ఒడ్డువారి కళ్లకు వారు తమ తల్లిదండ్రులను నేరస్థుల్లా పాతేవారు. ఒకే దైవాన్ని నమ్మేవారి మధ్య ఇలాంటి పగ పుట్టించగలిగితే కథకు వేరే శత్రువులను వెతుక్కోనక్కరలేదు.

భాష మీద కొంత ఎక్కువ శ్రమ పడండి. క్లింగాన్ భాషను మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త తీర్చిదిద్దాడు. దాని నిఘంటువు 1985లో వెలువడింది. అందులో వాక్యం కర్మతో మొదలై, క్రియ మీదుగా సాగి, కర్తతో ముగుస్తుంది. ఎదురుపడినవారిని పలకరించే మాటకు అర్థం నీకేం కావాలి అని. క్షేమసమాచారాలకు ఓపిక లేని జాతి అని ఆ ఒక్క పలకరింపే చెబుతుంది. తెలుగులో రాసేవారికి ఇంకొక పనిముట్టు అదనంగా ఉంది, అది నువ్వు, మీరు అన్న తేడా. కెథరులు తమ నాయకురాలిని నువ్వు అంటారు, ఎదుట కత్తి పట్టి నిలిచిన శత్రువును మీరు అంటారు. కలిసి ఒకే నీటిలో పోవలసినవారి మధ్య ఆ మర్యాద ఉండాలని వారి నమ్మకం. పేర్ల విషయంలో సంస్కృత అసురనామాల ఛాయ రాకుండా చూసుకోండి. అలాంటి పేరు వినగానే మన పాఠకుడి మనసు పాత పౌరాణిక చిత్రాల వైపు వెళ్లిపోతుంది.

ఆయుధాలకు, దుస్తులకు, తిండికి ఒక్కొక్క మంచి వివరం చాలు.

కాని పోరాడనివారిని మాత్రం వదలకండి. జాతి అంతా యోధులే అయితే వారికి అన్నం వండేదెవరు, గాయం కుట్టేదెవరు, లెక్క రాసేదెవరు? మెక్సికోలోని అజ్టెక్కులు కాన్పులో చనిపోయిన స్త్రీని యుద్ధంలో పడిన వీరుడితో సమానంగా చూసేవారు. ఉదయంనుంచి నడినెత్తికి వచ్చేవరకు సూర్యుడి వెంట వీరులు నడుస్తారని, అక్కడినుంచి అస్తమయందాకా ఆ తల్లులు నడుస్తారని వారి విశ్వాసం. ఆకాశాన్ని సగం సగం పంచిన ఆ నమ్మకం ముందు నేను తల వంచుతాను. క్లింగాన్ల కథల్లోనూ 2003లో ఒక ముసలి న్యాయవాది పాత్ర వచ్చింది. తన తండ్రి ఉపాధ్యాయుడని, తల్లి జీవశాస్త్రవేత్త అని, ఇప్పుడు కుర్రవాళ్లంతా ఆయుధం పట్టాలని మాత్రమే కోరుకుంటున్నారని అతడు బాధపడతాడు. అంతకాలంగా ఒకే రంగులో కనిపించిన జాతికి అతని మాటలతో ఒక గతం వచ్చింది. మీ జాతిలోనూ అలా బాధపడే మనిషి ఒకరు ఉండాలి, అతని మాటలో న్యాయమూ ఉండాలి.

అంతా రాసుకున్నాక, యుద్ధం లేని ఒక పూటను దృశ్యంగా రాసి పరీక్షించుకోండి. నేను రాసుకున్నది ఇది: ఒక కెథర ముసలమ్మ ఇంట్లో మంచం మీద చివరి శ్వాసలో ఉంది, పోటు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది, నీరు వచ్చే చోటికి ఆమెను మోసుకుపోవడానికి మనుషులు చాలరు. కూతురు గిన్నెలో ఉప్పునీరు తెచ్చి తల్లి పాదాలు అందులో పెట్టి, తప్పు చేస్తున్నానేమోనని వాకిలి వైపు చూస్తుంది. పక్కింటి బద్ధశత్రువు, ఆ ఉదయమే ఆమె తమ్ముణ్ణి పొడిచినవాడు, ఆ గిన్నెను చూసి లోపలికి వచ్చి, మాట్లాడకుండా మంచం రెండో కొస పట్టుకుంటాడు.