బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి? బారసాల లోపే చేయాల్సిన పనులు

బిడ్డ పుట్టిన ఇంట్లో మాటలన్నీ పేరు చుట్టూనే తిరుగుతాయి. ఏ నక్షత్రం, ఏ అక్షరం వచ్చింది, తాతగారి పేరు కలపాలా వద్దా అని. ఈ హడావిడిలో మున్సిపాలిటీ ఎవరికీ గుర్తు రాదు. ‘ఆస్పత్రి వాళ్లే పంపుతారులే’ అని వదిలేస్తారు. ఆస్పత్రి వాళ్లు పంపే మాట నిజమే. కానీ వాళ్లు ఏం రాసి పంపారో చూసుకోవాల్సింది మనం. బర్త్ సర్టిఫికెట్ కోసం తర్వాత తిరిగే తిరుగుళ్లలో చాలా భాగం అక్కడ చూసుకోకపోవడం వల్ల వచ్చేవే.

పూర్వం బడి టీసీయో, పదో తరగతి మార్కుల జాబితాయో పుట్టిన తేదీకి రుజువుగా సరిపోయేవి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ వెసులుబాటు పోయింది. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఉద్యోగం దాకా పుట్టిన తేదీకీ, ఊరికీ రుజువు ఈ ఒక్క కాగితమే. పాస్‌పోర్టుకీ అంతే.

ముందు ఏ ఆఫీసో తేల్చుకోండి

జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. మీరు ఎక్కడ కాపురం ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మనకు ఆనవాయితీ కాబట్టి చిక్కంతా ఇక్కడే వస్తుంది. కాపురం కూకట్‌పల్లిలో, పురుడు తెనాలిలో అనుకోండి. రిజిస్ట్రేషన్ తెనాలి మున్సిపాలిటీలోనే అవుతుంది. మూడో నెలలో బిడ్డను తీసుకుని హైదరాబాద్ వచ్చేశాక నగర కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడ వివరాలేవీ ఉండవు. అందుకే తల్లి పుట్టింట్లో ఉండగానే పని పూర్తి చేసుకోవడం మేలు. అమ్మమ్మగారింట్లో ఎవరో ఒకరికి ఈ బాధ్యత అప్పగించండి. అల్లుడు సెలవు పెట్టి వచ్చేదాకా ఆగక్కర్లేదు.

నగరాల్లో కార్పొరేషన్, పట్టణాల్లో మున్సిపాలిటీ, పల్లెల్లో పంచాయతీ ఈ రికార్డులు చూస్తాయి. ఆస్పత్రికి వెళ్తూ 108 వాహనంలోనే ప్రసవమైతే, బండి మొదట ఆగిన చోటు పరిధిలో నమోదు చేయాలని నిబంధన.

ఆస్పత్రి ఫారం మీ కళ్లతో చూడండి

ఆస్పత్రిలో పుడితే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. ఆస్పత్రిలో నింపే జనన నివేదికలో రెండు భాగాలుంటాయి. తల్లి చదువు, పెళ్లినాటి వయసు వంటివి గణాంకాల కోసం అడుగుతారు. అవి సర్టిఫికెట్ మీదకు రావు. పుట్టిన తేదీ, ఆడా మగా, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, పుట్టిన చోటు... ఇవి మాత్రం యథాతథంగా వచ్చేస్తాయి.

చాలాచోట్ల ఈ ఫారం నింపేది కౌంటర్‌లో కూర్చునే సిబ్బంది. ‘తండ్రి పేరేంటండీ?’ అని నోటి మాటగా అడిగి, విన్నది విన్నట్టు ఇంగ్లిషులో కొట్టేస్తారు. లక్ష్మిలో ‘ఎక్స్’ వేయాలా, ‘కేఎస్‌హెచ్’ వేయాలా అన్నది వాళ్లకెలా తెలుస్తుంది? అందుకని నోటితో చెప్పకండి. తల్లిదండ్రులిద్దరి ఆధార్ జిరాక్సులు ఇచ్చి, ‘ఇందులో ఉన్న స్పెల్లింగే వేయండి’ అనండి. పంపేముందు ఒకసారి చూపించమని అడగండి. మొహమాటం వద్దు.

తల్లి ఇంటిపేరు దగ్గర ఇంకాస్త జాగ్రత్త పడాలి. చాలాసార్లు ఆమె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. ఫారం నింపేవాళ్లు అలవాటు కొద్దీ భర్త ఇంటిపేరు తగిలిస్తారు. రేపు బిడ్డకు ఆధార్ తీసేటప్పుడో, పాస్‌పోర్టుకు పెట్టేటప్పుడో ఈ తేడా బయటపడుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం, మానుకోవడం ఆమె ఇష్టం. సర్టిఫికెట్‌లో మాత్రం ఆధార్‌లో ఉన్నదే ఉంటే గొడవ ఉండదు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ తప్పక తీసుకోండి. ‘జనన వివరాలు మున్సిపాలిటీకి పంపారా? నంబరేమైనా వచ్చిందా?’ అని అడిగి రాసుకోండి.

ఇరవై ఒక్క రోజుల గడువు

పుట్టిన 21 రోజుల్లోపు సమాచారం అందితే నమోదుకు రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఇరవై ఒకటో రోజు బారసాల చేసే ఇళ్లకు ఈ గడువు గుర్తుపెట్టుకోవడం తేలిక. నమోదయ్యాక ఏడు రోజుల్లోపు మొదటి సర్టిఫికెట్‌ను రిజిస్ట్రార్ ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. తర్వాత కాపీలు కావాలంటే తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ లేదా వార్డు సచివాలయం ద్వారా రుసుము కట్టి తీసుకోవచ్చు. రసీదు అడిగి తీసుకోండి. అప్లికేషన్ నంబరు దాని మీదే ఉంటుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం చదవండి. రిజిస్ట్రేషన్ నంబరునూ, నమోదు తేదీనీ ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం పోయినా ఆ రెండూ ఉంటే కాపీ తీయడం నిమిషాల పని.

పేరు చేర్చడం

బారసాల కాకుండా పేరెక్కడిది? అందుకే మొదటి సర్టిఫికెట్‌లో సాధారణంగా పేరు చోట ఖాళీయే ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. పేరు లేకపోయినా రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. పేరు పెట్టేదాకా రిజిస్ట్రేషనే ఆపుకోవడం మాత్రం పొరపాటు.

నమోదైన ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. ఏడాది దాటితే కొద్దిగా ఆలస్య రుసుము కట్టి, పదిహేనేళ్ల దాకా చేర్చుకోవచ్చు. మీసేవలో ‘చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్’ అంటే వాళ్లకు వెంటనే తెలుస్తుంది. పేరు లేని సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్ కాపీలు పట్టుకెళ్లండి. మీసేవ నిర్వాహకుడు తీసుకునే సర్వీసు చార్జీ వేరు.

ఇక్కడ తొందరపడి ఏదో ఒక పేరు ఇవ్వకండి. ఒకసారి పేరు ఎక్కాక ‘మనసు మారింది, ఇంకో పేరు పెడతాం’ అంటే కుదరడం కష్టం. జాతకం పేరొకటి, పిలుపు పేరొకటి ఉంటే బడిలో ఏది వాడతారో అదే ఇవ్వండి. ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. ‘కె.’ అని ఒక్క అక్షరం పెట్టి వదిలేస్తే పాస్‌పోర్టు అప్లికేషన్‌లో దాన్ని విప్పి రాయమంటారు. అప్పుడు మళ్లీ మున్సిపాలిటీ చుట్టూ తిరగాలి. న్యూమరాలజీ ప్రకారం అదనపు అక్షరాలు చేర్చుకునేవాళ్లు ఆ లెక్కలన్నీ ఇంట్లో తేల్చుకుని, ఆ తర్వాతే కౌంటర్‌కు వెళ్లండి.

గడువు దాటితే

21 రోజులు దాటి 30 రోజుల్లోపయితే ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. నెల దాటి ఏడాదిలోపయితే పైఅధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మాత్రం జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా జిల్లా మెజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ విచారించి ఉత్తర్వు ఇస్తేనే నమోదవుతుంది. 2023 సవరణకు ముందు దీనికి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు అని చట్టంలో ఉండేది.

ఏడాది దాటిన కేసుల్లో మొదటి మెట్టు, ఆ జననం రికార్డుల్లో లేదని మున్సిపాలిటీ ఇచ్చే ‘నాన్ అవైలబిలిటీ’ సర్టిఫికెట్. దానికి ముందు ఒకసారి రికార్డు వెతికించండి. ఆస్పత్రి పంపిన సమాచారం తప్పు స్పెల్లింగుతో అక్కడే పడి ఉండొచ్చు. తండ్రి పేరుతో దొరక్కపోతే తల్లి పేరుతో, పుట్టిన తేదీతో, ఆస్పత్రి పేరుతో వెతకమనండి. దొరికిందంటే ఉత్తర్వు కోసం తిరిగే పని తప్పి, తప్పు దిద్దించుకుంటే సరిపోతుంది.

తప్పులు దిద్దించాలంటే

అక్షరదోషాలను దిద్దే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. అసలు నమోదును చెరపరు. పక్కన దిద్దుబాటు రాసి తేదీ వేసి సంతకం పెడతారు. తల్లిదండ్రుల పేరులో తప్పుంటే వాళ్ల ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ వంటివి చూపాలి. పుట్టిన తేదీ తప్పయితే ఆస్పత్రి రికార్డే ఆధారం. డిశ్చార్జ్ సమ్మరీ తప్పక తీసుకోమన్నది ఇందుకే. మధ్యవర్తులు ‘మూడు రోజుల్లో చేయిస్తాం’ అంటూ ఆఫీసు గేటు దగ్గరే కనిపిస్తారు. కాగితాలు సరిగ్గా ఉంటే వాళ్ల అవసరం లేదు. అవి సరిగ్గా లేకపోతే వాళ్లు చేయించి ఇచ్చేది ఆన్‌లైన్‌లో తనిఖీ చేసినప్పుడు నిలబడకపోవచ్చు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో భారత పౌరులకు బిడ్డ పుడితే అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయించుకోవచ్చు. అలా చేయించకుండా ఇక్కడే స్థిరపడాలని తిరిగొచ్చేస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోపు స్థానిక రిజిస్ట్రార్ దగ్గర నమోదుకు చట్టంలో వీలుంది. అక్కడి ఆస్పత్రి, అక్కడి ప్రభుత్వం ఇచ్చిన అసలు కాగితాలు చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని రండి.