తొలకరికి ముందే పెరట్లో చేయాల్సిన పనులు

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది. పెరటి పని చాలావరకు ఆ లోపే, రోహిణి ఎండల్లోనే ముగించుకోవాలి. వానలు పట్టాక కొట్టిన మందు ఆకు మీద నిలవదు. పురుగు మాత్రం ఆగదు.

ముందు లాన్ సంగతి. పైపుతో కాసేపు నీళ్లు వదలండి, పల్లం ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కడ మట్టి, ఇసుక కలిపి పలచగా పోయండి. నీరు నిలిస్తే గడ్డి వేళ్లు కుళ్లి మచ్చలు మచ్చలుగా పండిపోతుంది. తుంగ ఉంటే పైపైన కోయకుండా గడ్డలతో సహా తవ్వి తీయండి. ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ లేస్తుంది.

తొలి జల్లులు పడిన సాయంత్రాల్లో గోధుమరంగు పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్ల మీద వాలతాయి. లాన్ వేళ్లు కొరికే తెల్లటి వేరుపురుగులు వీటి పిల్లలే. చీకటి పడ్డాక కొమ్మలు దులిపి, రాలినవాటిని సబ్బునీళ్ల బకెట్లో వేయండి. గుడ్లు పెట్టకముందే పట్టుకుంటే మందు అవసరం చాలా తగ్గుతుంది.

మునగచెట్టున్న ఇంట్లో అసలు భయం కంబళి పురుగులతో. వానలు మొదలయ్యాక పగటిపూట కాండం మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. కాగడాతో కాల్చడం పాత పద్ధతే గానీ, ఇళ్ల మధ్య, కరెంటు తీగల కింద ఆ పని వద్దు. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని పొడవాటి కర్రతో సబ్బునీళ్లలోకి గీకేయండి. ఆ చెట్టు కింద బట్టలు ఆరేయొద్దు, పసిపిల్లలను ఆడనివ్వొద్దు. నూగు ఒంటికి తగిలితే రుద్దకండి. టేపు అంటించి లాగి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం నీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పెద్ద ఆఫ్రికా నత్తలు ఒక్క రాత్రిలో బంతి నారు మొత్తం తినేయగలవు. ఒక్కోటి ఒక విడతలో వంద, రెండు వందల గుడ్లు కూడా పెడుతుంది. ఇటుకల కుప్పలు, కుళ్లిన ఆకులు, పాత కుండీల అడుగు ఇప్పుడే శుభ్రం చేయండి. వానల్లో సాయంత్రం తడి గోనెసంచి పరిచి, దాని కింద బొప్పాయి ఆకులు గానీ క్యాబేజీ ఆకులు గానీ పెడితే తెల్లారేసరికి అక్కడ చేరి ఉంటాయి. చేతులతో ముట్టుకోకండి, మెదడుకు జబ్బు తెచ్చే సూక్ష్మమైన పురుగు వాటిలో ఉండొచ్చు. గ్లౌజులతో ఏరి గాఢమైన ఉప్పునీళ్లలో వేయండి. ఉప్పు నేల మీద చల్లితే మొక్కలే చస్తాయి.

కుండీల కింద ప్లేట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వారానికోసారి వంపేయండి, ప్లేట్లను లోపల రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు తడి ఆరినా నెలల తరబడి బతికే ఉంటాయి.

మందార మీద పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టండి. చీమలను కూడా అదుపు చేయాలి, పిండినల్లిని కాపాడేది అవే. ఇక రసాయన మందు కొనాల్సి వస్తే డబ్బా మీద విషం తీవ్రతను చెప్పే రంగు త్రికోణం చూడండి. ఎరుపు, పసుపు రంగులున్నవి ఇంటి పెరట్లోకి తేవద్దని గట్టిగా చెబుతున్నాను. ఏ మందునీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచొద్దు. పిల్లల ప్రాణాలు ఇలాగే పోతున్నాయి.

రాత్రి పెరట్లోకి టార్చి, మూసిన చెప్పులు లేకుండా దిగకండి. గుబురు గడ్డిలో, కట్టెల కింద రక్తపింజరి, కట్లపాము ఉండొచ్చు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వారమే కనుక్కుని పెట్టుకోండి.