డ్వాక్రా సంఘం చీలిపోకుండా నడవాలంటే

ఎవరో అప్పు ఎగ్గొట్టడం వల్లే సంఘాలు చీలిపోతాయని అందరూ అనుకుంటారు. చాలాచోట్ల తగువు అంతకంటే ముందే మొదలవుతుంది, రాయడం వచ్చిన ఒక్కామె ఇంట్లోనే పుస్తకాలూ పాస్‌బుక్కూ అన్నీ ఉండిపోయినప్పుడు.

కొత్తగా పెట్టేవాళ్లు పది నుంచి పదిహేను మందిని చూసుకోండి. ఒకే వీధివాళ్లయితే మీటింగుకి రావడం తేలిక. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే సంఘంలో వద్దు, ఇంటికి ఒక్కరే.

పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చినవే: క్రమంగా సమావేశం, పొదుపు, లోపల అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. మొదటి నాలుగూ జరిగాయని చూపించేది ఆ ఐదోదే. లింకేజీ రుణానికి, అంటే బ్యాంకు సంఘానికిచ్చే అప్పుకి, సంఘం కనీసం ఆర్నెల్లు నడిచి ఉండాలి కదా, ఆ ఆర్నెల్లని బ్యాంకు ఖాతా తెరిచిన రోజు నుంచి కాదు, మీ పుస్తకాల్లో ఉన్న లెక్కల ప్రకారం చూడాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన.

అందుకే పని పంచేయండి. ఒకరు రాస్తే ఇంకొకరు డబ్బు లెక్కపెట్టాలి, మూడో ఆమె బ్యాంకుకి వెళ్లాలి. లేచే ముందు ఆ రోజు ఎవరెంత కట్టారో, ఎవరికెంత ఇచ్చారో పైకి చదివి వినిపించండి, చదువురాని వాళ్లకి కూడా తమ లెక్క తమకి తెలుస్తుంది. లీడర్లని రెండేళ్లకోసారి మార్చండి, మార్చినప్పుడు తీర్మానం రాసి బ్యాంకులో సంతకాలు కూడా మార్పించాలి, ఇది మర్చిపోతే పాత లీడర్ ఊళ్లో లేని రోజున డబ్బు తీయడం కుదరదు.

లీడర్లు గ్రామ సంఘం (ఊళ్లో సంఘాలన్నీ కలిసి ఏర్పడేది) మీటింగుకి వెళ్లొచ్చాక అక్కడ ఏం మాట్లాడారో, దానిపైన ఉండే మండల సమాఖ్య నుంచి ఏం కబురొచ్చిందో వచ్చే మీటింగులోనే చెప్పాలి. చెప్పకపోతే “మనకి తెలీకుండా ఏదో తినేస్తున్నారు” అన్న మాట పుడుతుంది, నిజమున్నా లేకపోయినా.

ఇక ఎవరిదైనా కిస్తీ ఆగితే. మొదటి నెలలోనే మీటింగులో అడగండి, ఇంటి ముందు నిలబడి అరవడం మాత్రం వద్దు, ఆ అవమానానికి ఆమె డబ్బు కట్టినా సంఘంలో మిగలదు. పంట పోయిందా, ఆసుపత్రి ఖర్చా, లేక ఉండీ కట్టట్లేదా అన్నది వీధిలో వాళ్లకి తెలియకుండా ఉండదు. నిజంగా ఇబ్బందైతే సంఘం సొంత పొదుపులోంచి ఇచ్చిన అప్పుకి గడువు పెంచండి, తీర్మానం రాసి, అందరి సంతకాలతో. బ్యాంకు కిస్తీ మాత్రం ఆపొద్దు, ఆ రుణం ఆమె పేరు మీద కాదు, సంఘం పేరు మీద ఉంటుంది. ఆమె కట్టాల్సిన వంతుని సంఘం పొదుపులోంచి సర్ది, ఆ మొత్తాన్ని ఆమె అప్పుగా పుస్తకంలో చూపించండి.