బెంగళూరులో పెట్ షెల్టర్ అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా

బెంగళూరులో మనవాళ్లు షెల్టర్ల గురించి వాకబు చేసేది సాధారణంగా మూడు సందర్భాల్లో. హైదరాబాద్ ట్రాన్స్‌ఫరో ఆన్‌సైటో వచ్చి ఇంట్లో కుక్కను ఏం చేయాలో తోచనప్పుడు, ఒకదాన్ని తెచ్చుకుని పెంచుకుందామనుకున్నప్పుడు, ఇన్‌స్టాలో కాలు విరిగిన కుక్కపిల్ల వీడియో చూసి యూపీఐ చేయబోతున్నప్పుడు. మూడింట్లోనూ అడిగేది ఒకటే, "వాళ్లకు లైసెన్స్ ఉందా?" అని. దానికి ఎవరైనా "ఉంది సార్" అనేస్తారు, ఎందుకంటే షెల్టర్ లైసెన్స్ అని దేశమంతటికీ చెల్లే ఒకే కాగితం ఏదీ లేదు. చేసే పనిని బట్టి కాగితాలు మారతాయి. అందుకే "మీరు చేసే పనులేంటి, ఒక్కోదానికి ఏ కాగితం ఉంది?" అని అడగాలి. ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే అక్కడే ఆగిపోవచ్చు.

మొదటిది సంస్థ రిజిస్ట్రేషన్. ట్రస్టు అయినా, 1960 నాటి కర్ణాటక సొసైటీల చట్టం కింద పెట్టిన సొసైటీ అయినా, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయినా ఫరవాలేదు. కానీ ఇది చూపించి "మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్" అంటే పడిపోకండి, ట్రస్టు డీడ్ రిజిస్టర్ చేయించుకోవడానికి ఒక్క కుక్కకు కూడా అన్నం పెట్టి ఉండక్కర్లేదు. స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఇచ్చే నంబర్ కూడా అలాంటిదే, సంస్థ ఉందని చెబుతుంది తప్ప ఎలా నడుస్తోందో చెప్పదు.

అసలు బరువున్నది యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా ఇచ్చే గుర్తింపు. ఈ రంగంలో అందరూ ఏడబ్ల్యూబీఐ అనే అంటారు. జంతుహింస నిరోధక చట్టం 1960 కింద 1962లో ఏర్పాటైన బోర్డు, చాలా ఏళ్లు చెన్నైలో ఉండేది, ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. గుర్తింపు కావాలంటే సంస్థ అప్పటికే కొంతకాలం పనిచేసి ఉండాలి, ఆడిట్ చేయించిన లెక్కలు, జంతువుల వివరాలు ఇవ్వాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. నిన్నగాక మొన్న పెట్టిన షెల్టర్‌కు ఈ కాగితం లేకపోవడం తప్పేమీ కాదు, కానీ ఏళ్ల తరబడి నడుస్తూ అసలు దరఖాస్తే పెట్టలేదంటే ఎందుకని అడిగి తీరాలి.

వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నామంటే ఆ గుర్తింపు ఒక్కటే చాలదు. 2023లో వచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం బోర్డు నుంచి ప్రాజెక్ట్ రికగ్నిషన్ సర్టిఫికెట్ విడిగా ఉండాలి. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కత్తిరించి, పట్టుకొచ్చిన చోటే వదిలిపెట్టాలి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దని, షెల్టర్‌కు తరలించాలని చెప్పింది, అది వేరే సంగతి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గరకు ఎవరో వచ్చి "తలకు ఇంత ఇవ్వండి, మీ వీధి కుక్కలన్నిటినీ పర్మనెంట్‌గా తీసుకుపోతాం" అంటే మాత్రం వాడు షెల్టర్ మనిషి కాదు. ఆ కుక్కలు ఏ హైవే పక్కనో దిగుతాయి.

డాక్టర్ సంగతి చూడండి. స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, పేరుకు బోర్డు మీద కాకుండా వారానికి ఎన్ని రోజులు వస్తారో తెలియాలి. ఆపరేషన్లు, డ్రెస్సింగులు జరిగే చోట పసుపు సంచులు, సూదులు వేయడానికి చిల్లు పడని తెల్ల డబ్బా కనిపించాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ పశు వైద్యశాలలకూ వర్తిస్తాయి. సిరంజిలు మామూలు చెత్తబుట్టలో పడి ఉంటే మిగతా కాగితాలు చూడక్కర్లేదు.

కుక్కపిల్లల్ని అమ్ముతూ పక్కనే షెల్టర్ అని బోర్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. బ్రీడింగ్‌కు 2017 రూల్స్, పెట్ షాపులకు 2018 రూల్స్ ఉన్నాయి, రెంటికీ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. అది వ్యాపారం, చేసుకోవచ్చు. షెల్టర్ పేరుతో చందాలు పోగేస్తూ చేయడమే మోసం.

ఇక కాగితాలు పక్కన పెట్టి లోపలికి వెళ్లి చూడాలి. రానివ్వని చోటికి డబ్బు పంపొద్దు. ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వకపోవడం మామూలే, వారంలో ఏదో ఒక టైమ్ అయినా ఇవ్వాలి. లోపల మొదట అడగాల్సింది క్వారంటైన్ గది ఎక్కడని. కొత్తగా వచ్చిన కుక్కను రెండు వారాలైనా విడిగా ఉంచకుండా నేరుగా మందలో కలిపేస్తే, దాని ఒంట్లో పార్వోనో డిస్టెంపరో (కుక్కల ప్రాణం తీసే అంటువ్యాధులు) ఉంటే, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలు వరసగా పోతాయి. క్వారంటైన్ వైపు పనిచేసే మనిషి, చెప్పులు, చీపురు కూడా వేరుగా ఉండాలి. గేటు దగ్గరే ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రంగా ఉంచుతున్నారనుకుంటాం. పార్వో వైరస్ ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచ్ కావాలి, అదీ మలం, మురికి కడిగేశాకే పనిచేస్తుంది. పైగా ఆ ఫినాయిల్ పిల్లులకు హాని చేస్తుంది. నేల కడిగేది దేంతో అని అడిగితే జవాబిచ్చేవాళ్ల తెలివి అక్కడే బయటపడుతుంది.

ఒక కెన్నెల్ (కుక్కల గది) ముందు ఆగి తలుపుకు వేలాడే కార్డు చదవండి. "ఆడ, తెలుపు మీద గోధుమ మచ్చలు, సుమారు రెండేళ్లు, కేఆర్ పురం బ్రిడ్జి కింద దొరికింది, కుడి వెనక కాలు విరిగింది, సెవెన్-ఇన్-వన్ టీకా వేసిన తేదీ, రేబిస్ వేసిన తేదీ, మగవాళ్లంటే భయం, తినేటప్పుడు చేయి పెట్టొద్దు" ఇలా ఉంటే ఆ కుక్కను రోజూ ఎవరో గమనిస్తున్నట్టు. కార్డు లేకపోతే ఇంటేక్ రిజిస్టర్‌లోనైనా ఇదంతా దొరకాలి. వచ్చినవి ఎన్ని, అడాప్షన్‌కు వెళ్లినవి ఎన్ని, చనిపోయినవి ఎన్ని అనే లెక్క కూడా అందులోనే ఉండాలి. చావుల గురించి అడగడానికి మనకు మొహమాటం. అడగండి. "మా దగ్గర ఒక్కటీ చనిపోదు" అనేవాళ్లకంటే, ఫలానా నెలలో డిస్టెంపర్ వచ్చి ఇన్ని పోయాయని రిజిస్టర్ తిప్పి చూపించేవాళ్లను నేను ఎక్కువ నమ్ముతాను. పనివాళ్లకు కాటు పడకముందే యాంటీ రేబిస్ టీకాలు వేయించారా అని కూడా అడగండి, అక్కడ పొదుపు చేసేవాళ్లు జంతువుల మందుల దగ్గర ధారాళంగా ఉంటారని నేననుకోను.

అడాప్షన్‌కు వెళితే మిమ్మల్నే ఇంటర్వ్యూ చేస్తారు, చిరాకు పడకండి. అద్దె ఇల్లా, ఓనర్ ఒప్పుకున్నాడా, పగలంతా ఎవరుంటారు, సంక్రాంతికి ఊరెళితే కుక్క ఎక్కడుంటుంది అని అడుగుతారు, ఇంటికి వచ్చి బాల్కనీ గ్రిల్ కూడా చూస్తారు. ఏమీ అడక్కుండా గేటు దగ్గరే కుక్కపిల్లను చేతిలో పెట్టేవాళ్లను అనుమానించాలి.

ఇంటి కుక్కను వదిలేద్దామని వెళితే చాలా మంచి షెల్టర్లు వద్దనే అంటాయి. గాయపడిన వాటికే చోటు చాలదు, పైగా సోఫా మీద పడుకున్న ల్యాబ్రడార్ అక్కడి గోలకు తిండి మానేస్తుంది. ఫోస్టర్‌నో (కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకునేవాళ్లు) కొత్త ఇల్లో వెతకడానికి సాయం అడగండి, కనీసం రెండు నెలల ముందే అడగండి. తీసుకుంటే మీ చేత సరెండర్ ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు, టీకాల పుస్తకం తీసుకుంటారు. నెలనెలా ఇంత కడితే జీవితాంతం చూసుకుంటామనేది బోర్డింగ్ వ్యాపారం, దానికి రాతపూర్వక అగ్రిమెంట్, ఎప్పుడైనా వచ్చి చూసే హక్కు ఉండాలి. రాత్రిపూట షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్లడం మాత్రం జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, అరవై ఏళ్ల కిందటి రేటే.

డబ్బు విషయానికొస్తే, సంస్థ పేరు మీదున్న ఖాతాకే పంపాలి, "ఫౌండర్ మేడమ్" సొంత యూపీఐకి కాదు. విరాళాలకు పన్ను మినహాయింపు (అందరూ 80జీ అనేది) పాత ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నవాళ్లకే, 2,000 దాటిన నగదుకు అదీ రాదు. మామూలు రసీదు చాలదు, ట్యాక్స్ పోర్టల్ నుంచి సంస్థ తీసిచ్చే డొనేషన్ సర్టిఫికెట్ కావాలి. డల్లాస్‌లో ఉన్న బావగారు పంపుతానంటే ఆయన పాస్‌పోర్ట్ ఏదో కనుక్కోండి. ఇండియన్ పాస్‌పోర్టే అయితే సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికన్ సిటిజన్ అయిపోతే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే.

రామచిలుకనో నక్షత్ర తాబేలునో ఏ షెల్టరైనా అడాప్షన్‌కు ఇస్తామంటే తీసుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంట్లో ఉంచుకోవడమే నేరం. దొరికితే అటవీ శాఖకు చెప్పండి, లేదా కెంగేరి దగ్గర పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ల వన్యప్రాణి ఆసుపత్రికి తీసుకెళ్లండి. షెల్టర్ మీద ఫిర్యాదు ఉంటే జిల్లా ఎస్‌పీసీఏకు (జంతుహింస నిరోధక సొసైటీ), ఏడబ్ల్యూబీఐకి రాతపూర్వకంగా పంపి, కొడుతున్నారనో తిండి పెట్టడం లేదనో అయితే పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి. వెళ్లిన తేదీ, కెన్నెల్ ఫొటోలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ జత చేయండి.